తెల్ల రుమాలు కట్టిన తలుపులు

మా అమ్మమ్మ క్లారిస్ ఓర్మెరాడ్ చెవులు మగ్గాల షెడ్డులో పోయాయి. జబ్బు చేసి కాదు, దెబ్బ తగిలి కాదు. బడి మానేసిన ఏడాదే నేతలో చేరింది, అంతే. ఆ షెడ్డులో వందల మరమగ్గాలు ఒక్కసారిగా ఆడతాయి. నూలు మోసే నాడె అటు కొట్టుకుని ఇటు కొట్టుకుని, చెక్క చెక్కని గుద్ది, ఇనుము ఇనుముని గుద్ది, పక్కన నిలబడి గొంతు చించుకున్నా మాట వినపడదు. అందుకే మా ఊరి ఆడవాళ్ళు షెడ్డులో అరవడం ఎప్పుడో మానేశారు. పెదాలు సాగదీసి, ముఖమంతా కదిలించి, గొంతు లేకుండా మాట్లాడుకునేవాళ్ళు. ఈ చివర నిలబడి ఆ చివర ఉన్నామెతో మొగుడి తాగుడు గురించి చెప్పుకోవచ్చు. మధ్యలో మేస్త్రీ నిలబడి ఉన్నా, వాడు పరాయి ఊరివాడైతే వాడికి ముక్క అర్థమయ్యేది కాదు.

అలా కళ్ళతో వినడం అలవాటైన మనిషికి, చెవులు ఎప్పుడు పోయాయో తనకే సరిగా తెలియలేదు. ముప్పై దాటేసరికి ఎదుటి మనిషి కేక ఆమెకి గోడ అవతలి దోమలా వినపడేది. ముఖం కనపడితే టక్కున జవాబు చెప్పేది. వెనక నుంచి పిలిస్తే పలికేది కాదు. పొగరు అనుకునేవాళ్ళు. అనుకోనిచ్చింది. మా ఊళ్ళో చెవుడు చిన్నతనం కాదు, సగం ఊరికి ఉన్నదే. బయట అలా కాదు.

బయటికి రావలసి వచ్చింది. మా తాత ఊపిరితిత్తులు చెడి పోయాడు. ఆ తర్వాత రెండేళ్ళకి అమ్మమ్మ చేసే మిల్లు మూతపడింది. అద్దె ఇల్లు ఖాళీ చేసి, ఆరేళ్ళ మా అమ్మ బెరిల్‌ని వెంటబెట్టుకుని అమ్మమ్మ సముద్రం ఒడ్డున కుటుంబాలు సెలవులకి వచ్చి వారం పాటు గదుల్లో దిగే సెలవుల క్యాంపులో పనికి చేరింది. గదులు ఊడ్చడం, పక్కలు మార్చడం. పనివాళ్ళ పిల్లల్ని క్యాంపులో ఉంచుకోకూడదు. అయినా అక్కడి మేనేజరు స్టెబింగ్ ఒప్పుకుని, బట్టలుతికే షెడ్డు వెనక ఒక చిన్న గది ఇచ్చాడు. ఆ మేలు ఆమె మెడకి తాడులా పడింది.

స్టెబింగ్ మా వైపువాడు కాదు, దేశానికి దక్షిణాన పుట్టినవాడు, సైన్యంలో సార్జంటుగా చేసి వచ్చినవాడు. చెడ్డవాడు కాదు. కానీ పైపెదవి మొత్తం కప్పేసే మీసం ఉండేది. అందరి మాటా చదివే అమ్మమ్మకి అతని మాట మాత్రం సగమే కనపడేది. మిగతా సగం కళ్ళని బట్టీ, చెయ్యి చూపించిన దిక్కుని బట్టీ ఊహించుకునేది.

జూన్‌లో ఒక రోజు అతను ఆమెని ఆఫీసుకి పిలిపించి, తెల్లకోటు ఒకటి చేతికిచ్చి, గుమ్మం బయట ఉన్న సైకిలు చూపించాడు. ఏడుపుల కాపలా కాసే మనిషి పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయిందట. ఏడుపుల కాపలా అనేది పనివాళ్ళు ఆ ఉద్యోగానికి పెట్టుకున్న పేరు. రాత్రి భోజనాలయ్యాక తల్లిదండ్రులు పిల్లల్ని గదుల్లో పడుకోబెట్టి, తాళం వేసుకుని, తలుపు పిడికి తెల్ల జేబురుమాలు కట్టి డాన్సు హాలుకి పోతారు. రుమాలు ఉందంటే లోపల పసిబిడ్డ ఉన్నట్టు. కాపలా మనిషి వరసల వెంట సైకిలు మీద తిరుగుతూ, రుమాలు ఉన్న ప్రతి తలుపు దగ్గరా ఆగి వినాలి. ఏడుపు వినపడితే హాలుకి పరుగెత్తి వేదిక పక్కనున్న అద్దపు పలకలో గది నంబరు పెట్టాలి. పలక వెనక దీపం వెలుగుతుంది. ఫలానా గదిలో పాప ఏడుస్తోందని చూసి తల్లి లేచి వస్తుంది. తాళంచెవులు తల్లిదండ్రుల దగ్గరే ఉంటాయి. కాపలా మనిషి లోపలికి వెళ్ళకూడదు.

"నువ్వు కబుర్లు చెప్పవు. నీకూ ఓ పిల్ల ఉంది. ఈ పని నీకే తగును" అన్నాడు స్టెబింగ్.

ఆమెకి అర్థమైంది. వద్దంటే ఎందుకో చెప్పాలి. ఎందుకో చెబితే, చెవిటిదాన్ని సెలవుల క్యాంపులో ఎవరు ఉంచుకుంటారు? బెరిల్‌ని తీసుకుని ఎక్కడికి పోవాలి? సరేనంది. మీసం చాటున ఏదో నవ్వు కనపడింది. ఆమె కూడా నవ్వింది.

మొదటి సాయంత్రం ఆమె ప్రతి తలుపుకీ చెవి ఆనించింది. చెక్క చల్లగా తగలడం తప్ప ఇంకేమీ లేదు. జూన్ సాయంత్రం, ఇంకా ఎండ ఉంది, సముద్రపు పక్షులు కప్పుల మీద నోళ్ళు తెరిచి అరుస్తున్నాయి, ఆ అరుపూ లేదు. వరసంతా రుమాళ్ళు. ఒక్కో రుమాలు వెనక ఒక్కో బిడ్డ. ఎవరు నిద్రపోతున్నారో, ఎవరు గుక్కపట్టారో తెలియదు. హాలు నుంచి ఎవరైనా పరుగెత్తుకు వస్తారేమోనని మాటిమాటికీ వెనక్కి చూసుకుంది. వెనక నుంచి వచ్చేది ఆమెకి వినపడదు కదా.

వరస మధ్యలో సైకిలు దిగి, జారిపోయిన మేజోడు లాక్కోవడానికి గోడకి చెయ్యి ఆనించింది. గోడ చెక్క సన్నగా అదురుతోంది, పిడికిట్లో తేనెటీగని పట్టుకున్నట్టు. తెర సందులోంచి చూసింది. లోపల బిడ్డ నోరు తెరిచి, ముఖం ఎర్రగా చేసుకుని ఏడుస్తోంది. ఆ గదుల గోడలు పలచటి చెక్క పలకలే. అన్ని కిటికీలకీ ఇలా తెర సందు ఉండదు, కానీ పెద్ద ఏడుపైతే చేతికి తెలుస్తోంది.

ఆ రోజు నుంచి చెవులు మానేసి అరచేతిని నమ్ముకుంది. తలుపు పక్కన గోడకి చెయ్యి ఆనించి, ఊపిరి బిగబట్టి నిలబడేది. దూరం నుంచి చూసేవాళ్ళకి శ్రద్ధగా వింటున్నట్టే ఉండేది.

కానీ అరచేతికి ఏడుపుకీ రేడియోకీ తేడా తెలియదు. పక్కగదిలో ముసలాయన గురక పెట్టినా పలక అదురుతుంది. కుళాయి గొట్టం వణికినా అదురుతుంది. అనుమానం వచ్చిన ప్రతిసారీ నంబరు పెట్టేసేది. ఏడవకపోయినా పరవాలేదు, తల్లి వెళ్ళి చూసుకుంటుంది, అనుకుంది. తల్లులకి మాత్రం అది చికాకైంది. నాట్యం మధ్యలో పరుగెత్తుకెళ్ళి చూస్తే బిడ్డ హాయిగా నిద్రపోతోంది. తలుపు చప్పుడుకి లేచి అప్పుడు ఏడుస్తోంది. అలా వరసగా కొందరు వెళ్ళి స్టెబింగ్‌తో చెప్పారు. అతను అమ్మమ్మని పిలిచి, కాస్త నిదానంగా వినమన్నాడు.

నిదానించింది. ఆ వారమే అసలైనది జరిగింది. కావెంట్రీ నుంచి వచ్చిన వాళ్ళ బిడ్డ, నెల దాటిందో లేదో. అంత చిన్న గొంతు పలకని కదిలించలేకపోయింది. అమ్మమ్మ గోడకి చెయ్యి పెట్టి, ఏమీ లేదనుకుని ముందుకెళ్ళింది. మళ్ళీ వచ్చి పెట్టి, మళ్ళీ వెళ్ళింది. చివరికి పక్కగది ముసలావిడ ఆ ఏడుపు భరించలేక తనే హాలుకి నడిచింది. తల్లి వచ్చేసరికి బిడ్డ కక్కుకుని, తడిసి, గుక్కపట్టి ఒళ్ళు విరుచుకుంటోంది. బతికింది. తండ్రి మాంసం కొట్టువాడు. అమ్మమ్మ ఎదుట నిలబడి నోటికొచ్చిందల్లా తిట్టాడు. ఆ కొద్దిసేపూ తనకి పెదాలు చదవడం రాకపోతే బాగుండునని అనిపించిందట.

ఎందుకు వినపడలేదని స్టెబింగ్ అడిగితే, అవతలి వరసలో ఉన్నానని చెప్పింది. అతను నమ్మినట్టు లేదు.

"ఏడవని బిడ్డ ఏడ్చిందంటావు. ఏడ్చే బిడ్డ పడుకుందంటావు. ఇంకొక్కటి, ఇటైనా సరే అటైనా సరే, బెరిల్‌ని తీసుకుని బయల్దేరమ్మా."

ఆ మాట ఒక్కటీ మీసం ఆపలేదు. అక్షరం అక్షరం కనపడింది.

ఇక అక్కడి నుంచి ఆమె పగలు కూడా కాపలాయే కాసింది. ఉదయం మైకులో లేవండి లేవండి అని పాడతారు, జనం పళ్ళేలు మోసుకుంటూ భోజనశాలకి వస్తారు. ఎవరైనా పళ్ళెం జారవిడిస్తే హాలంతా చప్పట్లు. అమ్మమ్మ గోడవార నిలబడి బిడ్డల నోళ్ళు చూసేది. పాలసీసా ఆలస్యమైనప్పుడు ఎవరి మెడ నరాలు ఉబ్బుతున్నాయి, ఎవరు ఊరికే పెదవి విరిచి సన్నగా గునుస్తున్నారు? నరాలు ఉబ్బేవాళ్ళు చేతికి తెలుస్తారు. గునిసేవాళ్ళు తెలియరు. గునిసే బిడ్డ ఏ గదిలో ఉందో గుర్తుపెట్టుకుని ఆ తలుపు దగ్గర ఎక్కువసేపు నిలబడేది. నిలబడినా ఏం లాభం? ఏమీ లేకపోతే నిద్రా, చావా? అరచేతికి రెండూ ఒకటే. తిండి సహించడం మానేసింది. తెల్లకోటు వదులైపోయింది.

జూలైలో మా ఊరి వారం వచ్చింది. మా వైపు ఒక్కో ఊరికి ఒక్కో సెలవుల వారం. మిల్లులన్నీ ఒకేసారి ఆపేసి, పొయ్యిలు ఆర్పేసి, ఊరు ఊరంతా రైలెక్కి సముద్రానికి పోతుంది. శనివారం మధ్యాహ్నం క్యాంపు గేటులోంచి వచ్చిన వాళ్ళలో సగం మంది మా వీధివాళ్ళే. ఇంకొకప్పుడైతే అమ్మమ్మ ఎగిరి గంతేసేది. ఇప్పుడు బట్టల షెడ్డు వెనక్కి వెళ్ళి దాక్కుంది. తను చెవిటిదని తెలిసిన వాళ్ళు, తనతో పెదాలతో మాట్లాడే వాళ్ళు, వందల మంది, స్టెబింగ్ కళ్ళ ముందే తిరగబోతున్నారు.

ఎంతసేపు దాక్కుంటుంది? రాత్రి భోజనాల దగ్గర హెస్టర్ పట్టేసింది. హెస్టర్ పదిహేనేళ్ళు ఆమె పక్క మగ్గం మీద చేసిన మనిషి. ఆమె చెవులూ పోయినవే. నలభై దాటాక, ఇక పిల్లలు లేరనుకున్నాక, ఒక కొడుకు పుట్టాడు, ఎడ్విన్. ఇంట్లో వాడి ఉయ్యాలకీ తన మణికట్టుకీ ఒక నాడా కట్టుకుని పడుకుంటుంది. వాడు కదిలితే చెయ్యి లాగుతుంది.

హెస్టర్ నాలుగు బల్లల అవతల కూర్చుని, వాడిని ఒళ్ళో ఎగరేస్తూ, గొంతు లేకుండా మొదలుపెట్టింది.

"ఏమే క్లారీ, తెల్లకోటు వేశావ్, డాక్టరమ్మవైపోయావా? చిక్కిపోయావేంటే, ఇక్కడ తిండి పెట్టరా?"

అమ్మమ్మ స్టెబింగ్ ఎక్కడున్నాడో చూసుకుంది. టీ డ్రమ్ము దగ్గర ఎవరితోనో మాట్లాడుతున్నాడు.

"ఇక్కడ పిల్లల్ని వినిపెట్టే మనుషులున్నారటగా" అంది హెస్టర్. "వీడు పుట్టాక చెవులున్న మనిషి కాపలా కాయడం ఇదే మొదలు. ఈ వారం నాడా లేదు, ఏం లేదు. మా ఆయన క్లెమ్‌కి చెప్పేశా, నా కాళ్ళు అరిగేదాకా ఎగురుతానని."

"ఆ మనిషిని నేనేనే" అంది అమ్మమ్మ.

హెస్టర్ నవ్వింది. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది, బల్ల మీద కొట్టి మరీ. చుట్టూ ఉన్నవాళ్ళకి ఎందుకో తెలియక వాళ్ళూ నవ్వారు. ఆ తర్వాత అమ్మమ్మ ముఖం చూసి ఆపేసింది. కొడుకుని దగ్గరికి లాక్కుంది.

"మా వరసకి కూడా నువ్వేనా?"

"నేనే."

మర్నాడు మధ్యాహ్నం, మగవాళ్ళంతా ఎవరి మోకాళ్ళు వికారంగా ఉన్నాయో తేల్చే నవ్వులాట పోటీకి పోయిన వేళ, ఇద్దరూ హెస్టర్ గది దగ్గర కలిశారు. అమ్మమ్మ ఏదీ దాచలేదు. హెస్టర్‌కి కోపం వచ్చింది. ఆ మాంసం కొట్టువాడి బిడ్డ సంగతి విన్నాక ఇంకా వచ్చింది. వెళ్ళి చెప్పెయ్యమంది. చెబితే సాయంత్రానికి బెరిల్‌తో రోడ్డు మీద ఉంటానంది అమ్మమ్మ. అప్పుడు అమ్మమ్మ ఎడ్విన్‌ని లోపల పడుకోబెట్టమంది. పాలసీసా లాక్కుని బయటికొచ్చి తలుపు వేసేశారు. అమ్మమ్మ హెస్టర్ చెయ్యి పట్టుకుని గోడకి ఆనించింది. ఎడ్విన్‌కి మెడ నరాలు ఉబ్బే రకం గొంతు. పలక దడదడలాడింది. హెస్టర్ కళ్ళు పెద్దవయ్యాయి.

"అమ్మ దొంగా. మగ్గంలా ఆడుతున్నాడే."

"వీడిని నేను వదలను. ఈ చేతికి వీడు తెలుస్తాడు. నువ్వెళ్ళి ఎగురు."

"మాటేనా?"

"మాటే."

ఆదివారం, సోమవారం, ఆ తర్వాత రెండు రోజులూ గాలి లేదు. అమ్మమ్మ ఎడ్విన్‌ని రెండుసార్లు పట్టుకుంది, రెండుసార్లూ నిజం ఏడుపే. హాలులోని పలకలో నంబరు చూసి హెస్టర్ గుమ్మం వైపు వేళ్ళు ముద్దుపెట్టి విసిరింది. అమ్మమ్మకి ఆ వారం మొదటిసారి ముద్ద దిగింది. ఎన్నాళ్ళనుంచో లేని నిద్ర పట్టింది. అదే తప్పయింది అనేది తర్వాత. భయం కాస్త తగ్గిందని తను ఆకాశం వైపు చూడలేదట.

గురువారం మధ్యాహ్నం నుంచి సముద్రం రంగు మారింది. సాయంత్రానికి గాలి లేచింది. పడమటి గాలి, నేరుగా గదుల వరసల మీదికి. వాన అడ్డంగా కొడుతోంది. జనం కోట్లు తలల మీద కప్పుకుని డాన్సు హాలుకి పరుగెత్తారు. పరుగెత్తే ముందు, అంత వానలోనూ, రుమాళ్ళు కట్టడం మాత్రం మరిచిపోలేదు.

అమ్మమ్మ మొదటి తలుపు దగ్గర ఆగి గోడకి చెయ్యి ఆనించింది. గోడ అదురుతోంది. రెండో తలుపు. అదురుతోంది. మూడో తలుపు. వరస మొత్తం అదురుతోంది. గాలి ప్రతి పలకనీ పట్టుకుని ఊపుతోంది. ప్రతి బిడ్డా ఏడుస్తున్నట్టే ఉంది, ఏ బిడ్డా ఏడవనట్టే ఉంది. కిటికీల మీద నీళ్ళు కారుతున్నాయి, లోపల తెరలు బిగించి ఉన్నాయి. పిడులకి కట్టిన రుమాళ్ళు తడిసి టపటప కొట్టుకుంటున్నాయి, ఎవరో లోపలి నుంచి చెయ్యి ఊపి పిలుస్తున్నట్టు.

సైకిలు పడేసింది. పరుగెత్తింది. ఎడ్విన్ గది వరస చివర. రెండు చేతులూ ఆనించింది. నుదురు ఆనించింది. మగ్గంలా ఆడుతోంది గోడ. అది వాడా, గాలా? తలుపు కొట్టింది. కొట్టి ఏం లాభం, ఎనిమిది నెలల బిడ్డ వచ్చి తలుపు తీస్తాడా? అక్కడే నిలబడిపోదామా అంటే మిగతా తలుపుల సంగతి? మిగతా తలుపులకి వెళ్తే ఇక్కడి సంగతి? వరస ఆ చివరికి వెళ్ళి మళ్ళీ వచ్చింది. మళ్ళీ చేతులు ఆనించింది. గోడ వణుకుతోందో తను వణుకుతోందో కూడా తెలియలేదు.

నంబరు పెడితే? ఏ నంబరు? అన్నీ పెడితే స్టెబింగ్ రేపటిదాకా కూడా ఆగడు. ఏదీ పెట్టకపోతే రేపు ఉదయం ఏ గది తలుపు దగ్గర జనం మూగి ఉంటారో. ఆ చెక్కగోడ పక్కన వానలో నిలబడి, బెరిల్‌నీ ఈ బిడ్డల్నీ తూకం వేశానని అమ్మమ్మ నాతో అంది. తూకం ఎటు మొగ్గిందో చెప్పలేదు. హాలు వైపు పరుగెత్తాననే చెప్పింది.

హాలులో దీపాలు, సిగరెట్ పొగ, జంటల వాల్ట్జ్ నాట్యం. స్టెబింగ్ నంబర్ల పలక పక్కనే నిలబడి ఉన్నాడు. అతను ఆమెని చూశాడు. ఏ నంబరు అన్నట్టు కనుబొమలు ఎత్తాడు. ఆమె పలక ముట్టుకోలేదు. గుమ్మం పక్కనున్న కుర్చీ ఎక్కింది. తడిసిన తెల్లకోటుతో, జుట్టంతా ముఖానికి అతుక్కుని, హాలు మొత్తానికి కనపడేలా నిలబడింది. అప్పుడు నోరు తెరిచింది. గొంతు ఎత్తలేదు. పెదాలు సాగదీసి, షెడ్డు అవతలి చివరికి చెప్పినట్టు చెప్పింది.

"నాకు వినపడదు. ఇక్కడ ఒక్కరోజూ వినపడలేదు. ఇన్నాళ్ళూ గోడ పట్టుకుని చూశాను. ఇవాళ గాలి, గోడ పనికిరాదు. వెళ్ళి మీ బిడ్డల్ని చూసుకోండి. హెస్టర్, వెళ్ళవే."

ముందు హెస్టరే చూసింది. క్లెమ్ భుజం మీద నుంచి చూసింది. అతని చేతులు విదిలించుకుని నడిచింది, నడక పరుగయింది. ఆ పరుగు చూసి పక్కావిడ తిరిగింది, అమ్మమ్మ పెదాలు చూసింది. ఇంకొకామె దూరంగా ఉన్న చెల్లెలికి అందించింది. మాట నోటి నుంచి నోటికి, చప్పుడు లేకుండా, నాట్యం మీదుగా హాలంతా పాకింది. బ్యాండు ఆగలేదు. మగవాళ్ళు ఖాళీ చేతులతో నిలబడిపోయారు. ఆడవాళ్ళు ఒకళ్ళ వెనక ఒకళ్ళు, కోట్లు కూడా లేకుండా, వానలోకి వెళ్ళిపోయారు. స్టెబింగ్ నిప్పు అంటుకుందనుకుని బకెట్లు తెమ్మని కేకలు వేశాడు.

అమ్మమ్మ వెళ్ళేసరికి హెస్టర్ గది తలుపు బార్లా తెరిచి ఉంది. ఎడ్విన్ అంతకుముందే ఉయ్యాల కమ్మీలు పట్టుకుని లేవబోయాడు. మెడ దగ్గర టోపీ నాడా కమ్మీ మొనకి చిక్కుకుంది. జారితే నాడా మెడకి బిగిసింది. హెస్టర్ నాడా తెంపి పడేసి వాడిని తలకిందులుగా పట్టుకుని వీపు మీద కొడుతోంది. ముఖం నీలంగా ఉంది. పెదాలు కదలడం లేదు. అమ్మమ్మ గుమ్మంలో నిలబడి ఆ పెదాలనే చూసింది. ప్రపంచంలో ఇంక చూడాల్సినదేదీ లేదు. చాలాసేపటికి, ఆమెకి చాలాసేపు అనిపించింది, కింది పెదవి వణికింది. నోరు తెరుచుకుంది. మెడ నరాలు ఉబ్బాయి.

మిగతా గదుల్లో ఇద్దరో ముగ్గురో ఊరికే ఏడుస్తున్నారట. మిగిలిన వాళ్ళు నిద్రలోనే ఉన్నారు.

మర్నాడు స్టెబింగ్ అందర్నీ అడిగాడు, హాలు ఎందుకు ఖాళీ అయిందని. మా ఊరి ఆడవాళ్ళు తలా ఒకటి చెప్పారు. కప్పు కారుతోందని ఒకామె, బ్యాండువాళ్ళు పాడింది పాడుతున్నారని ఒకామె, గాలికి భయమేసిందని ఒకామె. క్లారిస్ కుర్చీ ఎందుకు ఎక్కిందో ఎవరికీ తెలియదట. హెస్టర్ అమ్మమ్మని ఊరడించింది. వాడి మెడకి నాడా బిగిశాక గొంతే రాలేదు, చెవులున్న మహారాణి నిలబడినా వినేది కాదు అంది. ఊరివాళ్ళెవరూ నోరు విప్పరు, నువ్వూ మూసుకుని ఉండు, సీజను అయ్యేదాకా బెరిల్‌కి పైకప్పు ఉంటుంది, అంది.

"నాడా బిగిసే ముందు ఏడ్చి ఉంటాడు" అంది అమ్మమ్మ. "నేను ఆ తలుపు దగ్గరికి రెండుసార్లు వెళ్ళానే."



శనివారం ఉదయం మా ఊరివాళ్ళు పెట్టెలు సర్దుకుంటుంటే అమ్మమ్మ తెల్లకోటు మడిచి ఆఫీసుకి తీసుకెళ్ళింది. ఆ మధ్యాహ్నం వచ్చేవాళ్ళు ఎక్కడెక్కడివాళ్ళో. కుర్చీ ఎక్కి నోరు తెరిస్తే వాళ్ళలో ఒక్కరికీ ముక్క అర్థం కాదు. కోటు బల్ల మీద పెట్టి, నాకు చెవులు వినపడవండీ, అని గొంతుతో చెప్పింది. బయటి మనిషికి ఆ మాట చెప్పడం ఆమెకి అదే మొదటిసారి.

స్టెబింగ్ మొదట నవ్వాడు. తర్వాత నవ్వు ఆగింది. కుర్చీలో కూర్చున్నాడు. జూన్ నుంచి గడిచిన సాయంత్రాలన్నీ అతని ముఖం మీద ఒక్కొక్కటే నడిచాయని అమ్మమ్మ అంది. మీసం ఉన్నా కనపడిందట. ఆమెని ఏమీ అడగకుండా, ఆమె చేతికి సైకిలిచ్చింది అతనే.

లేచి తలుపు మూశాడు.

"నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు కదా" అన్నాడు. "ఇంకెవరికీ తెలియదు కదా. ఒక్క వారం తిరుగు. ఈలోగా ఎవర్నైనా చూస్తాను. ఇప్పుడీ మాట బయటికొచ్చిందంటే నీకూ మంచిది కాదు, నాకూ మంచిది కాదు."

ఆమె సరిగా చదవలేదేమో అనుకుంది. మళ్ళీ చెప్పమంది. అతను మళ్ళీ అదే చెప్పాడు, ఇంకా నెమ్మదిగా, ఇంకా స్పష్టంగా.

తిరగనంది. గదులు ఊడ్చే పని మళ్ళీ ఇమ్మంది. అది వేరేవాళ్ళకి ఇచ్చేశానన్నాడు. బట్టల షెడ్డు వెనక గది కాపలా మనిషికే అన్నాడు. అది కూడా స్పష్టంగానే కనపడింది.

స్టేషనుకెళ్ళే బస్సు గేటు బయట ఆగి ఉంది. హెస్టర్ అప్పటికే ఎక్కి, ఒక తొడ మీద ఎడ్విన్‌నీ ఒక తొడ మీద బెరిల్‌నీ కూర్చోబెట్టుకుంది. క్లారీ, మా ఇంట్లో వెనక గది ఖాళీగానే ఉందే, ఎలకలకి అద్దెకిచ్చాం, వాటిని పంపేద్దాంలే అంది కిటికీలోంచి. అమ్మమ్మ పెట్టె మోసుకుంటూ గేటు దాటుతుంటే కొత్తవాళ్ళ బస్సు వచ్చి ఆగింది. అందులోంచి దిగిన ఒక చిన్నది, ఇరవై ఏళ్ళుంటాయేమో, భుజం మీద పసిబిడ్డతో ఆమె ఎదురుగా నిలబడి ఏదో అడిగింది. అమ్మమ్మ పెదాలు చూసింది.

"ఇక్కడ పనిచేస్తారా అండీ? సాయంత్రాలు పిల్లల్ని గదిలో పడుకోబెట్టి వెళ్ళొచ్చటగా, ఎవరో వింటూ ఉంటారట. నిజమేనా?"

"వదిలెళ్ళకండి."

గొంతు ఎంత పెద్దగా వచ్చిందో ఆమెకి తెలియదు. చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. ఆ పిల్ల ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఏం, ఎందుకని?"

"ఇన్నాళ్ళూ విన్నది నేనే కనక."

ఆ పిల్లకి ఏం అర్థమైందో తెలియదు. అమ్మమ్మని పైనుంచి కిందికి చూసి, బిడ్డని ఆ భుజం మీంచి ఈ భుజానికి మార్చుకుని, మొగుడి వెనకే గేటులోంచి లోపలికి వెళ్ళింది. వెళ్ళక ఏం చేస్తుంది. ఏడాదంతా ఎదురుచూసిన వారం అది.